మామ పెంచిన చీనీ చెట్లను కొట్టేయమని కోడలు చెప్పొచ్చా?

అనంతపురం జిల్లా నుంచి ఒక కోడలు రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. ఆమె టౌన్లో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. భర్తది బెంగళూరులో ఉద్యోగం, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తారు. ఊళ్లో అత్తా మామా, నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట. 430 చెట్లు, పదకొండేళ్లవి. అంతకుముందు ఆ నేలలో దానిమ్మ ఉండేది. మచ్చ తెగులు తగిలి దానిమ్మంతా పీకించారు. మూడు బోర్లు వేస్తే ఒకదాంట్లో నీళ్లు పడ్డాయి. ఆ నీళ్లతో మామ ఈ చీనీని పెంచారు.

పోయినేడు పడమటి గట్టు పక్కన తొమ్మిది చెట్లకు ఒక్కో కొమ్మ పసుపుబారింది. ఈ ఏడు అలాంటివి ఇరవై ఏడు. కాయలు చిన్నవిగా, వంకరగా వచ్చి రాలిపోతున్నాయి. మందుల షాపులో మొదట జింకు లోపమన్నారు, తర్వాత యాంటీబయాటిక్ పొడి కొట్టమన్నారు. ఏడాదిలో 38 వేలు అయింది. ఆమె ఫోన్లో చదివి, ఫొటోలు పోల్చుకుని, ఇది చెట్టు నుంచి చెట్టుకు పాకే, నయంకాని గ్రీనింగ్ తెగులని నిర్ణయానికి వచ్చారు. దసరా రోజు చుట్టాలందరూ భోజనానికి కూర్చున్నప్పుడు, "మామా, ఆ చెట్లు కొట్టేయకపోతే తోటంతా పోతుంది" అనేశారు. ఆయన విస్తట్లోనే చెయ్యి కడుక్కుని లేచారు. "రక్తం చూసేదానివి రక్తం చూసుకో" అన్నారట. మూడు వారాలుగా మాటల్లేవు. భర్తేమో "నాయనతో పెట్టుకోకు" అంటున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పడమటి గట్టుకు అవతల చిన్నమామ పొలం. రెండేళ్ల కిందట ఆయనా రెండొందల చీనీ మొక్కలు పెట్టారు. బోరు నీళ్ల వాటా దగ్గర అన్నదమ్ములకు చెడి ఆరేళ్లయింది.

ఆమె అడిగినవి మూడు. నేనన్నది తప్పా? మామకు చెప్పకుండా ఆకులు టెస్టుకు పంపొచ్చా? చిన్నమామ వాళ్లను హెచ్చరించాలా, వద్దా?

అమ్మా,

మాటలో తప్పేం లేదు. విస్తరి ముందు, పదిమంది చుట్టాల మధ్య అన్నారు చూడండి, అక్కడ బెడిసింది. మీ మామ ఒకసారి ఇదే నేలలో తోట పీకించిన మనిషి. జింకు లోపమన్న షాపతని మాట ఆయనకు తీయగా ఎందుకుందో ఆలోచించండి. జింకయితే ఒక ప్యాకెట్టుతో పోతుంది. మీరు చూపించింది గొడ్డలి. దానిమ్మ నాటి సంగతి ఆయన మర్చిపోయి ఉంటే మీ మాట అంత గుచ్చుకునేది కాదు.

అయితే మీతోనూ ఒక మాట ఉంది. ల్యాబులో మీరు పేషెంటు ముఖం చూసి షుగర్ ఎంతో రాయరు గదా. ఫొటోలు పోల్చి తెగులు పేరు తేల్చడమూ అలాంటిదే. మీ ఉత్తరం చదివాక నా అనుమానమూ గ్రీనింగ్ మీదికే పోతోంది, ఒప్పుకుంటాను. కానీ మన జిల్లాలో చీనీ పసుపుబారడానికి కారణాలు ఒకటా రెండా? సున్నం ఎక్కువున్న నేలల్లో జింకు, ఇనుము, మాంగనీసు చెట్టుకు సరిగా అందవు. మొదలు దగ్గర బెరడు పగిలి జిగురు కారుతుంటే అది బంక తెగులు. వేరు తవ్వి చూస్తే కుళ్లి బెరడు ఊడొస్తే వేరుకుళ్లు. వేళ్లకు నులిపురుగులు పట్టినా చెట్టు నీరసిస్తుంది. ఇవన్నీ మందుతోనో, ఎరువుతోనో, నీటి పద్ధతి మార్చో చూసుకోవాల్సినవి. వీటికి గొడ్డలి ఎత్తితే మామ కోపం న్యాయమే అవుతుంది.

కాబట్టి ముందు చెట్టును చూద్దాం. దీనికి కావలసింది ఒక బాల్‌పెన్. అనుమానమున్న కొమ్మ నుంచి ముదిరిన ఆకు ఒకటి తెంపండి. నడి ఈనెకు అటొకటి ఇటొకటి, సరిగ్గా ఎదురెదురుగా, చొక్కా గుండీ అంత సున్నాలు రెండు గీయండి. జింకు లోపమైతే రెండు సున్నాల్లోనూ బొమ్మ ఒకేలా ఉంటుంది. ఈనెలు ఆకుపచ్చగా, వాటి సందుల్లో పసుపు. గ్రీనింగ్ అయితే ఒక సున్నాలో ఆకుపచ్చ, రెండోదాంట్లో పసుపు మరక. ఆ మరక ఈనెల్ని లెక్కచేయదు, నూనె ఒలికినట్టు ఎటు పడితే అటు పాకి ఉంటుంది. ఒక్క ఆకుతో తేల్చొద్దు. కొమ్మకు పదేసి చూడండి, ఎందుకంటే ఒకే చెట్టుకు జింకు లోపమూ ఈ తెగులూ రెండూ ఉండొచ్చు. షాపతను పూర్తిగా అబద్ధమాడి ఉండకపోవచ్చు కూడా.

తర్వాత కాయ. వంకరగా ఉన్న కాయను తొడిమ నుంచి కిందికి నిలువుగా కోయండి. మధ్యనున్న తెల్లటి బొడ్డు తిన్నగా కాకుండా వంగి ఉందా? గింజలు నల్లగా, తాలుపోయి ఉన్నాయా? తొడిమ ఊడిన చోట నారింజరంగు మరక ఉందా? మామూలుగా చీనీ కాయ అడుగు నుంచి రంగు తిరుగుతుంది. ఈ తెగులున్న కాయ తొడిమ దగ్గర రంగు తిరిగి, అడుగున ఆకుపచ్చగానే ఉండిపోతుంది. దక్షిణాఫ్రికా వాళ్లు దీనికి గ్రీనింగ్ అని పేరు పెట్టింది ఆ పచ్చదనం చూసే. చైనా వాళ్లు కొమ్మ పసుపుబారడం చూసి హువాంగ్‌లాంగ్‌బింగ్ అన్నారు. 1995 నుంచి అంతర్జాతీయంగా ఆ పేరే ఖాయమైంది.

ఇక మీ చేతిలో పని. గ్రీనింగ్ తెచ్చే బ్యాక్టీరియా పేరు లిబెరిబాక్టర్. ఆకులో తయారైన ఆహారాన్ని వేళ్లకు మోసే నాళాల్లోనే బతుకుతుంది. మీకు ఆసక్తిగా ఉంటుందని చెబుతున్నా, మీరు ప్లేటు మీద ఈకొలైని పెంచినట్టు దీన్ని పెంచుదామంటే లొంగదు. అందుకే శాస్త్రీయ నామానికి ముందు 'కాండిడేటస్' అని తగిలించి రాస్తారు. ఇది చేరిన నాళాలు పూడుకుపోతాయి. ఆహారం కిందికి దిగక ఆకులోనే పిండిపదార్థంగా పేరుకుంటుంది. పిండి ఉంటే అయోడిన్ ఏ రంగు తిరుగుతుందో మీకు చెప్పేదేముంది! చిన్న గరుకు కాగితం ముక్కతో ఆకు పైభాగాన్ని పదిసార్లు గట్టిగా రుద్దండి. ఆ కాగితాన్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో ఒక మిల్లీలీటరు నీళ్లతో వేసి నలిపి, ఒక చుక్క అయోడిన్ వేయండి. నీళ్లు నల్లగా తిరిగితే అనుమానం గట్టిపడినట్టు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఆకుతోనూ, ఒట్టి జింకు లోపంలా కనిపించే ఆకుతోనూ పక్కపక్కనే చేయండి. కంట్రోల్ లేని టెస్టు టెస్టే కాదని మీకు తెలుసు. బంక తెగులుతో మొదలు చుట్టూ బెరడు చెడిన చెట్టులోనూ, విరిగి వేలాడే కొమ్మలోనూ ఆహారం దిగక పిండి నిలుస్తుంది. అలాంటివి ఈ పరీక్షకు తేవొద్దు.

ఖాయంగా తేల్చేది బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష ఒక్కటే. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లనో, మీ రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకులనో ముందు తోటకు పిలవండి. నమూనా ఎక్కడికి పంపాలో వాళ్లే చెబుతారు. నాగపూర్‌లోని కేంద్రీయ నిమ్మజాతి పరిశోధనా సంస్థ ఈ పనిలో పాతకాపు. కాడతో సహా ఆకులు పంపాలి, బ్యాక్టీరియా కాడలో, నడి ఈనెలో ఎక్కువుంటుంది. మరకలున్న కొమ్మవే తీయాలి. తడి లేకుండా పేపర్లో చుట్టి, ఏ వరుసలో ఎన్నో చెట్టో రాసి, ఆకు కుళ్లకముందే చేర్చాలి. ఒక జాగ్రత్త. ఈ బ్యాక్టీరియా చెట్టంతా సమానంగా ఉండదు. నెగెటివ్ వస్తే మీరు పంపిన ఆ ఆకుల్లో దొరకలేదనే అర్థం. పాజిటివ్‌కు ఉన్నంత బలం నెగెటివ్‌కు లేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మామకు చెప్పకుండా పంపొచ్చా? పంపొచ్చు, ఎవరూ పట్టుకోరు. కానీ పాజిటివ్ వచ్చిందనుకోండి, ఆ కాగితం ఆయన ముందు ఎలా పెడతారు? దొంగచాటుగా తెచ్చిన రిపోర్టు నిజమే చెప్పినా మామను ఓడించడానికి తెచ్చినట్టే ఉంటుంది. నెగెటివ్ వస్తే మీకే నమ్మకం కుదరదు. నా మాటైతే, ఆ బాల్‌పెన్ మీ ఆయన చేతికివ్వండి. ఈసారి ఊరికొచ్చినప్పుడు తండ్రితో కలిసి తోటలోకి వెళ్లి, "నాయనా, ఈ ఆకు చూసి చెప్పు" అనాలి. 'నాయనతో పెట్టుకోకు' అని మీకు చెప్పడం తేలిక, ఆ మాత్రం పనైనా ఆయన చేయాలి. పదకొండేళ్లుగా ఆ చెట్లతో ఉన్న మనిషి మామ. రెండు సున్నాల తేడా మీకంటే ముందు ఆయన కంటికే ఆనుతుంది. కాయ కోసి గింజలు చూడమన్నా అంతే. మీరు ఆ పూట డ్యూటీలో ఉంటే మరీ మంచిది.

మూడో ప్రశ్నలోనే అసలు ముడి ఉంది. దానిమ్మ మచ్చ తెగులు, మహారాష్ట్ర రైతులు తేల్యా అంటారు చూడండి, అది వాన చినుకులతో చిమ్మి, కత్తెర అంచున ఎక్కి చెట్టు నుంచి చెట్టుకు పోయేది. మీ మామకు తెలిసిన బ్యాక్టీరియా అది. ఇది అలా పోదు. తెగులున్న చెట్టు నుంచి అంటు కట్టిన మొక్కతో వస్తుంది, లేదా సిల్లా పురుగు మోసుకొస్తుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగు, రెక్కల మీద మచ్చలు. ఆకు మీద వాలితే తల కిందికి, తోక పైకి ఎత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. ఒకసారి ఆ కూర్చునే తీరు చూశారంటే మళ్లీ దేనితోనూ పొరబడరు. గుడ్లు పెట్టేది ఇంకా విచ్చుకోని లేత చిగురు మడతల్లోనే. ఒక్క ఆడపురుగు జీవితకాలంలో 800 దాకా పెడుతుంది. పిల్లపురుగులు పసుపురంగులో, తెల్లటి మైనపు దారాలు వదులుతూ చిగురుకు అంటుకుని ఉంటాయి. తెగులున్న చెట్టు రసం తాగి పెరిగిన పిల్ల రెక్కలొచ్చి ఎగిరిపోయాక బతికినన్నాళ్లూ ఆ బ్యాక్టీరియాను మోస్తూనే ఉంటుంది.

దానికి మీ గట్టు తెలియదు, బోరు వాటా తగాదా అంతకన్నా తెలియదు. లేత మొక్క ఏడాది పొడుగునా చిగురు వేస్తూనే ఉంటుంది కాబట్టి, చిన్నమామ రెండేళ్ల మొక్కలు దానికి పెళ్లి భోజనం లాంటివి. మీ పెద్ద చెట్టు తెగులుతోనూ కొన్నేళ్లు ఈడ్చుకొస్తుంది. లేత మొక్కకు తగిలితే కాపుకు రాకముందే పనికిరాకుండా పోతుంది. ఆ రెండొందల మొక్కలకూ ఎంత అప్పు తెచ్చారో మీకు తెలిసే ఉంటుంది. హెచ్చరించాల్సిందే.

ఎలా చెప్పాలన్నది వేరే సంగతి. మీరు రాసిన వివరాల్లో ఒక నిప్పురవ్వ ఉంది, గమనించారో లేదో. మీ తోటలో తెగులు పడమటి గట్టు నుంచే మొదలైంది. అవతల మొక్కలు పెట్టింది రెండేళ్ల కిందట. "వాడి మొక్కల నుంచే వచ్చింది" అని మీ మామ, "మీ ముసలి చెట్ల నుంచి మా లేత మొక్కలకు" అని చిన్నమామ, ఇద్దరూ అనుకోవడానికి అవకాశముంది. తోట అంచు నుంచి మొదలైందంటే పురుగు మోసుకొచ్చిందని చెప్పుకోవచ్చు. ఎక్కడి నుంచి మోసుకొచ్చిందో మాత్రం చెప్పలేం. తెగులు చెట్టులో చేరాక బయటపడడానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. ఆ విచారణ జోలికి మాత్రం పోకండి. ఇంకో ఆరేళ్లు మాటల్లేకుండా పోతాయి.

చిన్నత్తతో మీకు మాటలున్నాయని ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాశారు. ఆ దారిలో వెళ్లండి. "మా చెట్లలో ఏదో అనుమానంగా ఉంది, మీ లేత మొక్కల చిగుర్లు ఒకసారి చూసుకోండి" అంటే చాలు. మీ తోట గురించి చెప్పుకున్నట్టుంటుంది, వాళ్ల మీద నెట్టినట్టుండదు. తెల్ల కాగితం కింద పట్టి కొమ్మను కర్రతో మూడుసార్లు కొడితే పురుగులు కాగితం మీద పడతాయని చెప్పండి. లెక్కపెట్టుకోవడం వాళ్లకే తెలుస్తుంది. మందు రెండు పొలాల్లో ఒకే వారంలో కొడితే పనిచేస్తుంది. ఇక్కడ కొడితే అక్కడికీ, అక్కడ కొడితే ఇక్కడికీ ఎగురుతుంటే ఇద్దరి డబ్బూ గాలికే. అన్నదమ్ములు మాట్లాడుకోవాలని నేననను. ఒకే వారం కొట్టడానికి ఆడవాళ్లిద్దరి మధ్య ఒక ఫోను చాలు.

పరీక్షలో తెగులని తేలితే ఏం చేయాలన్నది మీ ఇంటి నిర్ణయం. దేనికి ఏమవుతుందో మాత్రం చెబుతాను.

ఇరవై ఏడూ తీసేయడం ఒక దారి. ముందు మందు కొట్టి ఆ తర్వాతే నరకాలి, లేదంటే ఊపుకు పురుగులన్నీ పక్క చెట్టెక్కుతాయి. మోడు నుంచి చిగురు రాకుండా వేళ్లతో సహా పెకిలించాలి. ఇందులో ఒక చేదు నిజముంది, మామకు ముందే చెప్పకపోతే తర్వాత మిమ్మల్నే అంటారు. కంటికి కనబడేవి ఇరవై ఏడంటే, లోపల తెగులుండి బయటపడనివి ఇంకొన్ని ఉంటాయి. వచ్చే ఏడూ, ఆ పైఏడూ కొన్ని తీయాల్సి రావచ్చు. "కొట్టేశాం కదా, మళ్లీ ఎందుకొచ్చింది" అనే ప్రశ్న వస్తుందని తెలిసే దిగాలి. ఖాళీ అయిన గుంతల్లో వెంటనే చీనీ మొక్కలు పెట్టొద్దు, లేత చిగురుతో పురుగును పిలిచి కూర్చోబెట్టినట్టవుతుంది. ఆ చోట పశువుల మేతో, కూరగాయలో వేసుకోండి.

తీయకుండా, బాగా ఎరువులేసి కాసినన్నాళ్లు కోసుకోవడం రెండో దారి. మీ మామ మనసు దీనివైపే ఉందనుకుంటాను. దీన్ని నేను తీసిపారేయను. జింకు, మాంగనీసు పిచికారీ చేసి, నీళ్లు సమంగా ఇస్తే జబ్బు చెట్టూ కొంత తేరుకున్నట్టు కనిపిస్తుంది. అయితే ఆ చెట్టు తెగులు గిడ్డంగిలా నిలబడే ఉంటుంది. తొమ్మిది ఒక్క ఏడాదిలో ఇరవై ఏడయ్యాయి. పురుగును గట్టిగా పట్టకుండా ఈ దారి పడితే నష్టం మీ గట్టు దాటి చిన్నమామకూ చేరుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో 2005లో ఈ తెగులు బయటపడింది. అంతకుముందు 2003-04లో అక్కడ 24 కోట్ల పెట్టెల నారింజ పండింది. 2022-23కు అది కోటిన్నర పెట్టెల చిల్లరకు పడిపోయింది. మధ్యలో తుపానులూ దెబ్బతీశాయి, నిజమే. అయినా అంత డబ్బు, అన్ని యంత్రాలు ఉన్నవాళ్ల గతి అది.

తోటంతా తీసి పంట మార్చడం మూడోది. సగం చెట్లు అంటుకున్నాయంటే నేనూ అదే అనేవాణ్ణి. ఇప్పుడు మీకు నూటికి ఆరే. ఆ ఆలోచన మీ మామ చెవిన పడనీయకండి కూడా.

ఏ దారైనా ముందు ఒక పని చేయండి. గళ్ల కాగితం మీద 430 చెట్లూ చుక్కలుగా గుర్తుపెట్టి, పోయినేటి తొమ్మిదికి ఒక రంగు, ఈ ఏటి వాటికి ఇంకో రంగు వేయండి. పాకుతున్న దిక్కు కనబడుతుంది, ఎక్కడ ముందు మందు కొట్టాలో కనబడుతుంది. మామతో మాట కలిశాక ఆ కాగితం ఆయనకే ఇచ్చి గుర్తులు సరిచూడమనండి.

యాంటీబయాటిక్ పొడి ఆపేయండి. ఆకు మీద చల్లిన మందు నాళాల్లోకి తగినంత దిగదు. కాండంలోకి ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించడానికి ఫ్లోరిడాలో 2022లో అనుమతిచ్చారు. అక్కడా అది తెగులును కొంత అణచడమే, నయం చేయడం లేదు. మీ ల్యాబులో రెసిస్టెంట్, అంటే మందుకు లొంగని బ్యాక్టీరియా, అని రిపోర్టు రాసేటప్పుడు పేషెంటు ముఖం మీరు చూసే ఉంటారు, తోటలో ఆ మందులు ఎందుకు వద్దంటున్నానో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ డబ్బు సిల్లా మీద పెట్టండి. దానికీ వారం వారం కొట్టకండి. అక్షింతల పురుగులు దీన్ని తింటాయి. టామరిక్సియా అని చీమకన్నా చిన్న కందిరీగ ఒకటి సిల్లా పిల్లల మీదే గుడ్డు పెట్టి వాటిని తొలిచేస్తుంది. మన ఉపఖండపు కీటకమే, సిల్లాను అణచడానికి దీన్ని హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవి దాకా పట్టుకెళ్లి వదిలారు. పూత మీద మందు కొడితే తేనెటీగలూ పోతాయి. సరైన అదను ఇప్పుడే. జనవరి పూత కోసం నీళ్లాపి చెట్టును ఎండగట్టే రోజులివి. చిగురు ఉండదు కాబట్టి పిల్లపురుగులుండవు, పెద్దవి మాత్రమే మిగిలి ఉంటాయి. చిగురు పగలకముందే ఉద్యాన శాఖ వాళ్లు చెప్పిన మందు, డబ్బా మీది మోతాదులో, రెండు పొలాల్లో ఒకే వారం కొట్టండి. యూరియా ఎక్కువ వేయొద్దు, అకాల చిగురు వస్తుంది. ఇది చేయడానికి గ్రీనింగ్ అని ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. పురుగుంది, మందు కొడుతున్నాం, అంతే. మామకూ ఇందులో అభ్యంతరం ఉండదు.

ఇంకొక్కటి. కళ్లం దగ్గర అత్త పెంచే కరివేపాకు చెట్టు గురించి రాశారు, "దాని చిగుళ్లలో కూడా తెల్ల దారాల పురుగులున్నాయి" అని. అవి సిల్లాలే కావచ్చు. కరివేపాకంటే వాటికి చాలా ఇష్టం. ఆ చెట్టు మీద మందు కొట్టకండి, రోజూ కూరలో వేసుకునేది. చిగురు వచ్చినప్పుడల్లా తుంచేసి సబ్బునీళ్లలో ముంచి పారేస్తే చాలు. ఆ తుంచేది మాత్రం అత్తనే తుంచమనండి. ఒక చెట్టు గొడవ తేలకముందే ఇంకో చెట్టు మీద చెయ్యి వేయకండి.